తాగుడు మానిన నర్సుకి మందుల అల్మరా తాళం ఇవ్వొచ్చా?

మాది ఒడిశాలోని గుణుపురం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో సవర. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) శ్రీకాకుళంలో చదివి పదహారేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మొదటి ఐదేళ్లు తాగుతూనే ఉద్యోగం చేశాను. మానేసి పదకొండేళ్లయింది. ఇప్పుడు డ్యూటీ తాగుడు, మత్తు మాన్పించే డీ-అడిక్షన్ వార్డులోనే. నర్సింగ్‌లో చేరాలనుకునే కుర్రాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, అప్పుడప్పుడు తోటి నర్సులు వరండాలోకి పిలిచి గుట్టుగా అడిగే సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒకసారి డీ-అడిక్షన్‌లో చేరితే ఇక నర్సింగ్ సీటు రాదు.

జీఎన్ఎంకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అడిగేది ప్లస్ టూ మార్కులు, కనీసం 17 ఏళ్ల వయసు, వైద్యపరంగా ఫిట్‌గా ఉండటం. ఫిట్‌నెస్ అంటే ఇవాళ మీరెలా ఉన్నారని. 2017లో వచ్చిన మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యల్ని కూడా లెక్కలోకి తీసుకుంది. చికిత్స వివరాలు బయటపెట్టకుండా ఉంచే హక్కు అందులో ఉంది. చట్టం సరే, ఊరి సంగతి వేరు. నేను అడ్మిటైన విషయం మా పెద్దమ్మకంటే ముందు వీధి చివర కిరాణా కొట్టులో తెలిసిపోయింది. రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. సీటు మాత్రం ఎవరూ లాక్కోలేరు.

అపోహ: మనసు గట్టిదైతే రేపట్నుంచే మానేయొచ్చు. అందులోనూ నర్సుకి ఒకరు చెప్పాలా?

నేనూ ఇలాగే అనుకుని ఎవరికీ చెప్పకుండా ఒక ఆదివారం మానేశాను. సోమవారం సాయంత్రం డ్యూటీలో ఒక ముసలమ్మకి కాన్యులా వేస్తుంటే సూది రెండుసార్లు తప్పింది. నా ముఖం వైపు చూసి, "సెయ్యలా వణికిపోతందేటి బాబూ, అన్నం తిన్నావా?" అంది. ఆ రాత్రి డ్యూటీ రూములో ఫిట్స్ వచ్చి పడిపోయాను.

ఏళ్ల తరబడి తాగినవాడి మెదడు మద్యానికి తగ్గట్టు సర్దుకుని ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనబడి, ప్రాణం మీదకి రావచ్చు. అందుకే ఆసుపత్రిలో నరాల్ని శాంతపరిచే డయాజిపామ్ లాంటి మందు ఇచ్చి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు, గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ (బి1 విటమిన్) ఎక్కిస్తారు. ఇవన్నీ నేను రోజూ పేషెంట్లకి చేసే పనులే. నా దాకా వచ్చేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

అపోహ: మాల వేస్తే తాగుడు పోతుంది.

అయ్యప్ప మాలను నేను తక్కువ చేయను. 41 రోజులు తెల్లారుజామున లేచి, చన్నీళ్ల స్నానం చేసి, తాగని స్వాముల మధ్య గడపడం మంచి మొదలు. కానీ మా వార్డు మాల తీసిన వారానికి నిండుతుంది. ఆ 41 రోజుల్లోనే డాక్టర్ని కలిస్తే ఆ మొదలు నిలబడుతుంది. రోజూ తాగేవాడైతే మాల వేసేముందే కలవాలి. కారణం పైన చెప్పాను.

అపోహ: తెలియకుండా అన్నంలో పొడి కలిపి పెడితే చాలు.

దయచేసి వద్దు. ఆ పొడుల్లో ఏముంటుందో అమ్మేవాడికీ తెలియదు. అందులో ఉన్నది తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అయితే, ఆ మనిషి సంగతి తెలియక తాగినప్పుడు ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి చనిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్ చెప్పగా తెలిసి వేసుకున్నా, ఆపిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. నర్సులకి ఇక్కడో చిక్కుంది. రోజుకి నలభైసార్లు చేతులకి రాసుకునే హ్యాండ్ రబ్ నిండా ఆల్కహాలే. డైసల్ఫిరామ్ మీద ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి, సబ్బూ నీళ్లూ వాడండి.

అపోహ: మత్తుమందు వాడానని ఒప్పుకుంటే జైలే.

1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. సొంతానికి వాడినందుకో, చిన్న పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు పడ్డ వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వెళ్లి పూర్తి చేస్తే ఆ కేసులో ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. వార్డు స్టాకు దొంగిలించడం మాత్రం వేరే నేరం, దానికి వకీలుని అడగండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్ ఉంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మత్తుకి సంబంధించి 14446 కూడా ఉంది.

అపోహ: మానినవాడిని మందుల అల్మరా దగ్గరికి రానివ్వకూడదు. లేదా, మానేశాడుగా, ఇక ఏ భయమూ లేదు.

రెండూ తప్పే. తాళం చేతిలో ఉంటే ఎంత ప్రమాదమో దానికి నేనే సాక్షి. తాగే రోజుల్లో నిద్ర పట్టక, సగం వాడిన డయాజిపామ్ ఇంజెక్షన్ ఆంపుల్స్‌లో మిగిలింది పారబోయకుండా జేబులో వేసుకున్నాను. రిజిస్టర్‌లో సంతకం మాత్రం శుభ్రంగా పెట్టేవాణ్ణి.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటి నర్సుల కోసం ప్రత్యేక కార్యక్రమాలు ఉన్నాయి. లైసెన్సు తీసేయకుండా చికిత్సకి పంపి, చెప్పకుండా మూత్ర పరీక్షలు చేస్తారు, కొన్నాళ్లు నార్కోటిక్ (మత్తుమందుల) అల్మరా తాళం చేతికివ్వరు. నేను పనిచేసిన వార్డుల్లో అలాంటి ఏర్పాటు చూడలేదు. కాబట్టి మనమే చేసుకోవాలి. ఊరందరికీ చెప్పక్కర్లేదు, వార్డులో ఒక్కరికి చెప్పాలి. నేను ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెప్పాను. జేబు సంగతితో సహా.

ఆవిడ ఏడాదిపాటు తాళం నాకివ్వలేదు, మొదటి ఆర్నెల్లు నైట్ డ్యూటీ కూడా వేయలేదు. లోపల మండిపోయేది. నాకంటే రెండేళ్ల జూనియర్ పాప వచ్చి తాళం తీసి నొప్పికిచ్చే ఫోర్ట్‌విన్ ఇస్తుంటే నేను ట్రే పట్టుకుని నిలబడేవాణ్ణి. ఇప్పుడు నా కింద పనిచేసే ఒక బ్రదర్‌కి (మగ నర్సుకి) నేనూ అదే రూలు పెట్టాను, వాడూ లోపల నన్ను తిట్టుకుంటూనే ఉంటాడు.

ఏడాది తర్వాత ఒక పొద్దున హ్యాండోవర్‌లో సిస్టర్ తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది. "ఖాళీ ఆంపుల్స్ కూడా లెక్కపెట్టు బాబూ, మిగిలింది నా ముందే పారబోయి," అని రిజిస్టర్ నా వైపు తిప్పింది. ఫెంటనిల్ నాలుగు, ఫోర్ట్‌విన్ పదకొండు, మిడజోలామ్ ఆరు. రెండుసార్లు లెక్కపెట్టి సంతకం చేశాను. పక్కన ఆవిడ చేసింది.