చౌడు నేల, తెల్ల ఎలుగుబంటి

అమ్మలూ, చిన్నా,

నిన్న ఫోన్లో ఆ ఎలుగుబంటి పుస్తకం గురించి అమ్మలు అడిగినదానికి "ఆఁ, అంతేగా మరి" అని తప్పించుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. "తాతయ్యా, ఎలుగుబంటి కొడితే కోల్ మంచివాడైపోయాడా? అలాగైతే జైళ్లెందుకు, నాలుగు ఎలుగుబంట్లు చాలుగా?" అన్నావు. పక్కన చిన్నాగాడు కిసుక్కుమన్నాడు. నవ్వాల్సిన ప్రశ్న కాదురా అది.

బెన్ మైకెల్సెన్ 2001లో రాసిన 'టచింగ్ స్పిరిట్ బేర్'ని సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక్కడే మర్చిపోయారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని పదిహేను రోజులు చదివాను. చిన్నా చదవలేదు కాబట్టి వాడికోసం రెండు ముక్కలు. అమెరికాలో మినియాపోలిస్ కుర్రాడు కోల్, పదిహేనేళ్లవాడు. తన దొంగతనం సంగతి పోలీసులకు చెప్పాడని పీటర్ అనే పిల్లాడి తలని కాలిబాటకేసి బాదాడు. పీటర్‌కి మాట తడబడిపోయింది, రాత్రిళ్లు పీడకలలు. జైలుకి బదులు కోల్‌ని అలాస్కాలో మనిషి జాడలేని దీవిలో ఏడాది ఉండమన్నారు. వాడు వెళ్లిన రోజే తనకోసం కట్టిన గుడిసెని తగలబెట్టాడు. తర్వాత తెల్ల ఎలుగుబంటి మీదికి ఉరికితే, అది చీరేసి ఎముకలు విరగ్గొట్టింది. (నల్ల ఎలుగుబంట్ల జాతిలోనే కొన్ని తెల్లబొచ్చుతో పుడతాయిట. నిజానికవి ఉండేది అలాస్కా కింద, కెనడా తీరంలో.)

ఇక నీ ప్రశ్న. మన కాలవ కింది పొలం చెక్క గుర్తుందా? నా చిన్నప్పుడు అది చౌడు. ఎండాకాలం పొద్దున్నే చూస్తే సున్నం చల్లినట్టు తెల్లగా పొక్కి ఉండేది. చాకలివాళ్లు ఆ మట్టి గంపల్లో ఎత్తుకెళ్లి బట్టలుతికేవాళ్లు. అది తప్ప ఇంకెందుకూ పనికొచ్చేది కాదు. మా నాన్న ఒక ఏడు గట్లు కట్టి, నిండా నీళ్లు పెట్టి, బురదగా కలియదున్ని, రెండు మూడు రోజులకి ఆ నీళ్లన్నీ మురుక్కాలవలోకి వదిలేశాడు. ఉప్పు కొంత పోయింది. అంతటితో పైరొచ్చేసిందా? ఎక్కడొచ్చింది! మళ్లీ నీళ్లు, మళ్లీ దమ్ము, మళ్లీ మురుక్కి వదలడం. ఆ తర్వాత పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి, పూతకి రాగానే నేలలోనే కలియదున్నడం. ఇలా ఎన్నేళ్లో. ఎలుగుబంటి ఆ మొదటి తడి లాంటిది. నేల మెత్తబడిందంతే.

పని తర్వాత మొదలైంది. ఆరు నెలలు ఆస్పత్రిలో ఉండి కోల్ మళ్లీ దీవికెళ్లాడు. ఈసారి గుడిసె తానే కట్టుకోవాలి. తెల్లారకముందే గడ్డకట్టే చలిలో చెరువులో మునగడం, పెద్ద బండరాయిని గుట్టపైకి మోసుకెళ్లడం, పైనుంచి దొర్లించేయడం. మర్నాడు మళ్లీ అదే. ఎడ్విన్ అని, అలాస్కాలోని ట్లింగిట్ అనే ఆదివాసీ తెగ పెద్దాయన ఒక పుల్ల ఇచ్చి, దీని ఎడమకొస నీ కోపం, విరిచెయ్యి అంటాడు. కోల్ విరుస్తాడు, మళ్లీ విరుస్తాడు. ఎంత విరిచినా పుల్లకి ఎడమకొస ఒకటి మిగిలే ఉంటుంది! అక్కడ పుస్తకం మూసి కాసేపు వీధిలోకి వెళ్లొచ్చాను. మా చెక్క కూడా అంతే. ఒక్క ఏడు అశ్రద్ధ చేశామా, వేసవిలో అడుగునున్న ఉప్పు పైకి పొక్కేది.

అయినా ఈ నేల కథ కొట్టినవాడి సంగతే చెబుతుందర్రా, దెబ్బ తిన్నవాడి సంగతి చెప్పదు. ఇక్కడే నా చౌడు కథ తెగిపోతుంది.

ఆరో తరగతిలో, నేను మామిడికాయలు కోసిన మాట మాస్టారికి చెప్పాడని, నా పక్క బెంచీవాణ్ణి తూము మీంచి తోశాను. వాడి ముందు పన్ను సగానికి విరిగింది. మా అమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఏడాదంతా రోజూ పొద్దున్నే చెంబుడు పాలు వాళ్లింటికి నా చేత మోయించింది. మొదట్లో వాకిట్లో పెట్టి పరిగెత్తుకొచ్చేవాణ్ణి. పోనుపోను వాళ్లమ్మ పాలు గిన్నెలోకి వంపుకుని చెంబు తిరిగిచ్చేదాకా నిలబడేవాణ్ణి. వాడు లోపల్నించి చూసేవాడు, బయటికొచ్చేవాడు కాదు. మాటలు కలవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు మేమిద్దరం ఒకే రచ్చబండ మీద కూర్చుంటాం. కానీ వాడికి నవ్వొస్తే ఈనాటికీ కండువా కొస నోటికి అడ్డం పెట్టుకుంటాడు.

కథలో పీటర్‌ని చివరికి దీవికి తీసుకొస్తారు. వాడు కోల్‌ని కొడతాడు, తంతాడు. కోల్ చెయ్యెత్తడు. ఆ తర్వాత పీటర్ మెత్తబడ్డాడని రచయిత రాశాడు. కొంచెం తొందరపడ్డాడనిపించింది నాకు. కానీ కోల్ చెయ్యెత్తకుండా నిలబడ్డాడే, అది నమ్మాను. అదెలా వచ్చింది వాడికి అంటే, చెరువులోంచా, బండలోంచా, ఎలుగుబంటిలోంచా, నాకు తెలీదమ్మా.

వేసవికి వస్తారుగా. ఎండెక్కకముందే చెక్క ఈశాన్యం మూలకి వెళ్లండి. అక్కడ ఇంకా చాపంత మేర తెల్లగా పొక్కుతోంది. వేలు తడిచేసి అద్ది, నాలిక కొసన పెట్టి చూడండి. ఉప్పగా ఉందో లేదో చెబితే, జీలుగ విత్తనాలు ఎన్ని కావాలో చూస్తాను.

మీ
తాతయ్య