పాట, పాత ఒకటే కదా అన్నాడాయన

ఆఫీసులో తెలుగు నేర్చుకుంటున్న అమెరికన్ కొలీగ్ ఒకాయన ఉన్నాడు, "పాత పాట" అని నాలుగుసార్లు నిదానంగా చెప్పినా రెండూ ఒకటే కదా అంటాడు. నవ్వేశాను. అప్పుడాయన "వెస్ట్, వెస్ట్" అని, ఒకటి పడమర, ఇంకోటి కోటు లోపల వేసుకునేది, ఏది ముందన్నానో చెప్పమన్నాడు. దాంతో నా నవ్వు ఆగిపోయింది.

చెవి లోపం కాదిది. 1984లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు హిందీలోని ఈ త, ట లనే ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలకి వినిపించారు. త త త అని వస్తూ వస్తూ ట అవగానే పాప తల తిప్పితే పక్కన డబ్బాలో బొమ్మకి లైటు వెలుగుతుంది, అదీ ఆట. 6-8 నెలల పిల్లలు చక్కగా తల తిప్పారు, ఏడాది దగ్గరపడ్డవాళ్లలో చాలామందికి తేడానే పట్టలేదు. ఇంగ్లీషు టీ (T) అక్షరానికి నాలుక పైపళ్ల వెనక చిగురుకి తగులుతుంది, అంటే మన త కీ ట కీ మధ్యలో, అందుకే వాళ్ల బుర్ర మన రెండిటినీ ఒకే గూట్లో పడేస్తుంది. మనమేం తక్కువ తిన్నామా, ఆ టీని తీసుకొచ్చి ట గూట్లో పెట్టి టికెట్టు, టైము అనేశాం.

పెద్దయ్యాక కొత్త గూడు కట్టలేమా అంటే, కొంచెం కట్టగలం. 1991లో అమెరికాలో జపనీస్ వాళ్లకి, పట్టుకోవడం కష్టమైన ఇంగ్లీషు ర, ల తేడా మూడు వారాలపాటు రకరకాల గొంతులతో వినిపించి, తప్పో ఒప్పో వెంటనే చెప్తూ నేర్పితే స్కోరు సుమారు 78 శాతం నుంచి 86కి పెరిగింది. అద్భుతమేం కాదు గానీ, అసలు కీలకం ఆ రకరకాల గొంతుల్లోనే ఉంది, తర్వాత ఒకే గొంతుతో నేర్పి చూస్తే కొత్త మనిషి మాట్లాడగానే ఆ నేర్చుకున్నది పనికిరాలేదు.

కంటికీ ఇదే గోల. ధ కడుపులో చుక్క పెడితే థ, కింద గీత తీసేస్తే ద, మనకి మూడూ వేరే మొహాలు, ఆయనకి కవల పిల్లలు. యాప్‌లో ఒకే ఫాంటు చూసి నేర్చుకున్నాడు, షాపు బోర్డు మీద పెయింటరు వంకర తిప్పిన ధ కనపడగానే తెల్లమొహం వేశాడు.

ఇప్పుడాయన త కోసం నా నాలుక పళ్లకి తగుల్తుందా అని చూస్తాడు, నేను పడమర కోసం ఆయన పెదాలు గుండ్రంగా అవుతున్నాయా అని చూస్తా. ఫోన్లో మాత్రం ఇద్దరం గుడ్డిగా ఊహించుకోవడమే.