నిలిచి ఉన్న బంతి, తెగిన కండ

2025 అక్టోబర్ 25. ఇటలీలోని నేపుల్స్‌లో నాపోలీకీ ఇంటర్ మిలాన్‌కీ ఫుట్‌బాల్ మ్యాచ్. నాపోలీకి పెనాల్టీ దొరికింది. ఆ జట్టు మిడ్‌ఫీల్డర్, బెల్జియం ఆటగాడు కెవిన్ డి బ్రూయ్నా వచ్చి కుడికాలితో తన్నాడు, గోల్ పడింది. కానీ సంబరం చేసుకోవాల్సిన మనిషి తొడ వెనక చెయ్యి పెట్టుకుని ఆగిపోయాడు. ఎవరూ ఢీకొట్టలేదు. ఎవరినీ తరమలేదు. బంతి సైతం కదలకుండా నేలమీదే ఉంది. అయినా కుడి తొడలో బైసెప్స్ ఫెమోరిస్ అనే కండరం బాగా చిరిగింది, ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

ఊరికే నిలబెట్టిన బంతిని తంతే కండ తెగడమేమిటి?

తన్నడం అనగానే తొడ ముందువైపు కండలే గుర్తొస్తాయి. నిజమే, మోకాలి కింది కాలిని కొరడాలా ముందుకు విసిరేది అవే. పాదం బంతిని తాకి ఉండేది సెకనులో వందో వంతు మాత్రమే. బంతి వెళ్లిపోతుంది, కాలు ఆగదు. అదే ఊపులో పైకి లేస్తున్న కాలికి ఎవరో ఒకరు బ్రేకు వెయ్యాలి. ఆ పని తొడ వెనక ఉండే మూడు కండరాలది. వాటినే హామ్‌స్ట్రింగ్స్ అంటారు. పిర్ర కింద ఎముక దగ్గర మొదలై మోకాలు దాటి అతుక్కుంటాయి కాబట్టి రెండు కీళ్ల మీదా వాటికి పెత్తనం ఉంది. చిక్కు కూడా అక్కడే. తన్నినప్పుడు తుంటి వంగుతుంది, మోకాలు చాచుకుంటుంది. అంటే కండ రెండు కొసలూ ఒకేసారి దూరం జరుగుతాయి. అలా సాగుతూనే అది బిగుసుకుని కాలిని ఆపాలి. నిండు బకెట్టును అటక మీంచి నెమ్మదిగా కిందికి దించేటప్పుడు మన చేతి కండ చేసేది ఇలాంటి పనే. ఎత్తేటప్పటికన్నా దించిన మర్నాడే నొప్పులు ఎక్కువ.

ఇప్పుడు అతని కాలు పంపే బంతి సంగతి చూద్దాం. కుడివైపు నుంచి డి బ్రూయ్నా కొట్టే క్రాస్‌కి, అంటే మైదానం పక్క నుంచి గోల్ ముందుకు పంపే బంతికి, ఒక దారి ఉంది. డిఫెండర్ల వెనక, గోల్‌కీపర్ ముందర ఉండే ఖాళీలోకి అది దూసుకొస్తుంది. నాదే కదా అని కీపర్ ఒక అడుగు వేస్తాడు. అంతలో బంతి అతనికి దూరంగా, పరుగెత్తుకొస్తున్న ఫార్వర్డ్ వైపు వంగుతుంది. పాదం లోపలి అంచుతో బంతి కుడి పక్కన తగిలించడం వల్ల అది ఎడమకు తిరుగుతూ పోతుంది. తిరిగే బంతి తన చుట్టూ ఉన్న గాలిని కుడివైపుకి నెడుతుంది, గాలి దాన్ని ఎడమకు నెడుతుంది. దీనికి మాగ్నస్ ప్రభావమని పేరు, 1852లో వివరించిన జర్మన్ శాస్త్రవేత్త పేరు మీదుగా. మన క్రికెట్‌లో స్పిన్నర్ బంతి పిచ్ పడకముందే గాలిలో పక్కకు జరుగుతుందే, అదీ ఇదీ ఒకటే. ఫాస్ట్ బౌలర్ స్వింగ్ మాత్రం వేరు, అక్కడ కథ నడిపేది సీమ్.

430 గ్రాముల బంతిని అంత వేగంగా, అంత తిప్పుతో పంపాలంటే కాలిని గట్టిగా విసరాలి. విసిరిన ప్రతిసారీ వెనక బ్రేకు పడాలి. ఇన్నేళ్ల కెరీర్ మొత్తంలో ఎన్ని వేల బ్రేకులో మరి!

బెల్జియంలో ఘెంట్ పక్కన ద్రోంగెన్‌లో పుట్టిన ఈ కుర్రాడు 14 ఏళ్లకే ఇల్లు వదిలి హెంక్ అకాడమీకి వెళ్లాడు. ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ 2012లో కొనుక్కుంది గానీ పెద్దగా ఆడించలేదు. 2014లో వోల్ఫ్స్‌బర్గ్‌కు వెళ్లాక మరుసటి ఏడే జర్మనీ ఉత్తమ ఫుట్‌బాలర్. ఆ తర్వాత పదేళ్లు మాంచెస్టర్ సిటీ, ఆరు లీగ్ టైటిళ్లు, ప్రీమియర్ లీగ్‌లో 119 అసిస్ట్‌లు, అంటే తోటివాళ్ల గోల్స్‌కి అందించిన పాస్‌లు. అంతకన్నా ఎక్కువ ర్యాన్ గిగ్స్‌కు మాత్రమే ఉన్నాయి, 162. నాకు ముచ్చటేసేది ఇంకొకటి: 2021లో కాంట్రాక్టు పొడిగించుకునేటప్పుడు, జట్టుకి తన విలువ ఎంతో డేటా విశ్లేషకులతో లెక్కలు కట్టించి వాటినే బేరంలో పెట్టాడు.

ఆ లెక్కలకు లొంగనిది తొడ కండే. 2023 జూన్‌లో ఇస్తాంబుల్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్, 36వ నిమిషంలో హామ్‌స్ట్రింగ్ పట్టేసి బయటికి వచ్చేశాడు. కప్పు జట్టుకి వచ్చింది, అతను బెంచీ మీంచి చూశాడు. ఆగస్టులో కొత్త సీజన్ తొలి మ్యాచ్‌లోనే మళ్లీ అదే బాధ, ఈసారి ఆపరేషన్. ఇది అతనొక్కడి దురదృష్టం కాదు. యూరప్ పెద్ద క్లబ్బుల గాయాలను ఏళ్ల తరబడి లెక్కించిన యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య (యూఈఎఫ్ఏ) అధ్యయనంలో, 2001-02లో మొత్తం గాయాల్లో హామ్‌స్ట్రింగ్ వాటా 12 శాతం. 2021-22కి అది 24 శాతం. ఆటలో వేగం పెరిగింది, మ్యాచ్‌లు పెరిగాయి. పైగా ఒకసారి చిరిగిన కండ మళ్లీ చిరిగే అవకాశం ఎక్కువ, వయసు దానికి తోడు. మోకాళ్ల మీద నిలబడి, మడమలు ఎవరైనా పట్టుకోగా, ఒళ్లు నెమ్మదిగా ముందుకు వాల్చే నార్డిక్ వ్యాయామం ముప్పును చాలా తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. అది చేయించేదీ సాగుతూ బిగుసుకునే పనే. చూడ్డానికి సులువు, చేస్తే తెలుస్తుంది.

కండకు వయసు వచ్చినా చూపుకు అంత తొందరగా రాదు. బంతి తన దగ్గరికి రాకముందే భుజం మీదుగా పదేపదే వెనక్కి చూసే మిడ్‌ఫీల్డర్లు ముందుకు పాస్‌లు ఎక్కువ విజయవంతంగా ఇస్తారని నార్వే మనస్తత్వ శాస్త్రవేత్త గెయిర్ యోర్డెట్ పరిశోధనల్లో తేలింది. బంతి వచ్చాక చూద్దామంటే ఆలస్యమే, అప్పటికి కళ్లు బంతి మీదే ఉంటాయి.

2024 జనవరి 13న న్యూకాజిల్‌లో సిటీ 1-2తో వెనకబడి ఉంది. అయిదు నెలల తర్వాత లీగ్‌లో మొదటిసారి డి బ్రూయ్నా 69వ నిమిషంలో దిగాడు. అయిదు నిమిషాలకే గోల్ కొట్టాడు. 90 నిమిషాలు దాటాక బంతిని డిఫెండర్ల తలల మీదుగా మెల్లగా లేపాడు. అవతల జట్టు సహచరుడు ఆస్కార్ బాబ్ పరుగెడుతున్నాడు. 3-2.