లంగా బిగిసినప్పుడల్లా జేబు మాయం

ఆడవాళ్ళ జీన్స్‌కు జేబులు పేరుకే ఉంటాయన్న ఫిర్యాదు పాతదే. 2018లో ద పుడ్డింగ్ అనే వెబ్ పత్రిక కొలతలు తీసి మరీ లెక్క తేల్చింది: ఆడవాళ్ళ జీన్స్ ముందు జేబు మగవాళ్ళ ముందు జేబుకంటే సగటున 48 శాతం పొట్టి, 6.5 శాతం సన్నం. ఈ పాపం ఎవరిదంటే చాలామంది విక్టోరియా కాలం వైపు వేలు చూపిస్తారు. అప్పటి ఆడవాళ్ళకు జేబులే లేవనీ, మగవాళ్ళు పనిగట్టుకుని తీసేశారనీ ఒక కథ చలామణీలో ఉంది. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. విక్టోరియా రాణి ఏలిన 1837-1901 మధ్య ఇంగ్లండు ఆడవాళ్ళకు జేబులుండేవి. కొన్నయితే ఇవాళ్టి ఫోనూ తాళాలూ కళ్ళద్దాలూ కలిపి మింగేసేంత లోతు.

17వ శతాబ్దం నుంచీ అక్కడ ఆడవాళ్ళ జేబు గౌనులో భాగం కాదు, విడి వస్తువు. అవిసెనార బట్టతోనో నూలు బట్టతోనో పైన సన్నంగా, కింద వెడల్పుగా సొరకాయలా కుట్టిన సంచి అది. ఒకటో రెండో సంచులను బొందుకు కుట్టి, లంగాల కింద నడుముకు కట్టుకునేవారు. సంచి ముందు వైపు పైనుంచి సగం దాకా నిలువు చీలిక ఉంటుంది. పై లంగా పక్క కుట్టులో వదిలిన సందులోంచి చెయ్యి దూరిస్తే నేరుగా ఆ చీలికలోకి పోవాలి. రెండూ ఎదురెదురుగా లేకపోతే లంగాల మధ్య తడుముకోవడమే మిగిలేది. బొందు ముడి వదులైతే సంచి మొత్తం రోడ్డున పడేది. అన్నిటికంటే ముందు చిరిగేది చీలిక అడుగు, రోజంతా చెయ్యి అక్కడే ఒత్తుతుంది కాబట్టి. అందుకే చీలిక అంచులకు పట్టీ వేసి, అడుగున అడ్డకుట్టు గట్టిగా బిగించేవారు. చాకిరేవులో కలిసిపోకుండా పేరు పొడి అక్షరాలో, అంకెలో దారంతో వేసుకునేవారు.

మొదటి దెబ్బ 1790ల్లో పడింది. రొమ్ము కిందనుంచే నిటారుగా జారే పలచటి గౌన్లు వచ్చాయి, వాటికింద సంచి కడితే గడ్డలా పైకి కనిపిస్తుంది. దాంతో డబ్బు చేతిసంచిలోకి మారింది. దాని పేరు రెటిక్యూల్, లాటిన్‌లో చిన్న వల అనే మాటనుంచి పుట్టింది. దాన్నే వెటకారంగా రిడిక్యూల్ అనీ అన్నారు.

విక్టోరియా కాలం మొదలయ్యేసరికి లంగాలు మళ్ళీ ఘేరు పెరిగాయి, వాటితోపాటే జేబూ తిరిగొచ్చింది. 1856లో లంగాను గుండ్రంగా ఉబ్బెత్తుగా నిలిపే ఉక్కు వలయాల చట్రానికి, అంటే క్రినోలిన్‌కు, పేటెంట్ వచ్చాక లంగా కింద చోటుకు కొదవే లేదు. ఈసారి జేబును లంగా పక్క కుట్టులోనే కలిపి కుట్టారు. సంచి చవక నూలు బట్ట, నోటి దగ్గర మాత్రం గౌను పట్టుతోనే అంచు, లోపలి బట్ట బయటికి కనిపించకుండా. తెలివైన పని ఇంకొకటుంది: సంచి పైభాగంనుంచి ఒక పట్టీ తీసుకెళ్ళి నడుంపట్టీకి కుట్టేవారు. నాణేల బరువు నడుముమీద పడేది, పట్టు కుట్టు సాగేది కాదు. గడియారానికి నడుము దగ్గర వేరే బుల్లి జేబు. పనీపాటా చేసుకునే ఆడవాళ్ళు, పెద్దవయసువాళ్ళు మాత్రం పాత బొందు జేబును వదల్లేదు.

రెండో దెబ్బ 1870ల్లో. లంగా ముందువైపు తొడలకు అతుక్కుపోయింది, గుడ్డంతా వెనక బసిల్ మీదికి, అంటే నడుం వెనక లంగాను ఎత్తిపట్టే మెత్త మీదికి చేరింది. జేబు కూడా ఆ వెనక కుచ్చిళ్ళలోకే పోయింది. కూర్చుంటే దానిమీదే కూర్చోవాలి, చెయ్యి సరిగా అందదు, దొంగకు మాత్రం బాగానే అందుతుంది.

జేబు చేసే పనిని నగలు పంచుకున్నాయి. షాట్‌లేన్ అనేది నడుముకు తగిలించే కొక్కెం, దానికి గొలుసులు, గొలుసులకు కత్తెర, సూదుల డబ్బీ, పెన్సిలు, తాళంచెవులు. మన ఇళ్ళలో పెద్దావిడ నడుమున వేలాడే తాళాల గుత్తిలాగే అదీ పెత్తనానికి గుర్తు. గొలుసులు చిక్కుపడేవి, నడిస్తే చప్పుడు, పట్టుకు తగిలితే పోగులు లేచేవి. లండన్ హాస్య పత్రిక పంచ్ 1849లోనే దీనిమీద బొమ్మ వేసి ఎగతాళి చేసింది.

నాకైతే అన్నిటికంటే ముచ్చటైనది పొడుగు పర్సు. పట్టుదారంతో చిక్కంలా అల్లిన గొట్టం, మధ్యలో చీలిక, మీద జరిగే రెండు ఉంగరాలు. నాణేలు వేసి ఉంగరాన్ని చివరికి తోస్తే మూసుకుంటుంది. ఒక చివర గుండ్రం, ఇంకొకటి చదరం చేస్తే, బంగారు నాణేలు ఏ వైపో వెండి నాణేలు ఏ వైపో చీకటి బండిలోనూ వేలికే తెలిసేది. ఉంగరాలు వదులైతే మాత్రం అన్నీ రాలిపోయేవి.

ఆడవాళ్ళకు సుఖంగా ఉండే దుస్తులు కావాలంటూ 1881లో లండన్‌లో మొదలైన రేషనల్ డ్రెస్ సొసైటీ లోపలి బట్టల బరువు 7 పౌన్లు మించకూడదని పట్టుబట్టింది. 1890ల్లో సైకిలు తొక్కేవాళ్ళ దుస్తులకు జేబులొచ్చాయి. ఈలోగా తోలు హ్యాండ్‌బ్యాగు దుకాణాలకెక్కింది, ఇక దిగలేదు.

చీర కింద లోలంగా, పైన జాకెట్టు వేసుకునే తీరులో ఆ కాలపు ప్రభావం ఉంది. జేబు మాత్రం వెంట రాలేదు. మనవాళ్ళు రొంటిన దోపుకుంటూ, కొంగున ముడేసుకుంటూ గడిపేశారు. ఇప్పుడు లోలంగాకు జేబు కుట్టించుకునేవాళ్ళున్నారు. కుట్టిస్తే నోరు 6 అంగుళాలు, లోతు 10 అంగుళాలు ఉండాలి. సంచినుంచి పట్టీ తీసి బొందు దూర్చే మడతలోకి కుట్టించాలి, లేకపోతే ఫోను బరువుకు పక్క కుట్టు సాగుతుంది. నోటి అడుగున మిషన్‌ను మూడుసార్లు ముందుకూ వెనక్కూ నడపమనాలి. పాత బొందు జేబుల్లాగే ఇదీ ముందు చిరిగేది అక్కడే.