శోధన, విడుదల: సంఘంలో తరచుగా వినే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

నేను గుంటూరులో ఒక లూథరన్ సంఘానికి కాపరిని. ఆదివారం ఆరాధన ముగిసి జనం సర్దుకున్నాక, తలుపు దగ్గర కొంచెంసేపు తటపటాయించి, "అయ్యగారూ, మీతో ఒంటరిగా ఒక్క మాట మాట్లాడాలండి" అనేవారిలో ఎక్కువమంది చెప్పుకునేది శోధన గురించే, అంటే తప్పు వైపు మనిషిని లాగే ఆకర్షణ గురించే. మందు, క్రికెట్ పందేలు, ఫోనులో రమ్మీ, అశ్లీల వీడియోలు, అక్రమ సంబంధం, అదుపు తప్పిన కోపం, ఇలా విషయం ఏదైనా సరే, దాని జోలికి వెళ్లకముందు దానిని గురించి వారు నమ్ముతున్న కొన్ని పొరపాటు మాటలను విడమరచి చెప్పవలసి వస్తోంది. 1842లో హయ్యరు మిషనరీ గుంటూరుకు వచ్చిన నాటి నుంచి తరతరాలుగా వాక్యం వింటున్న కుటుంబాలలోనూ, నిన్నమొన్న బాప్తిస్మం పొందినవారిలోనూ ఈ అపోహలు ఒకే తీరుగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ హాని చేసేవాటినే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: నిజంగా రక్షణ పొందినవారికి శోధన రాదు

ఈ మాట సాక్ష్యాల రూపంలో ఎక్కువగా వ్యాపిస్తుంది. "ప్రభువును అంగీకరించిన రోజు నుంచి సీసా వైపు కన్నెత్తి చూడలేదు" అని ఒకరు చెబుతారు. అది నిజమే కావచ్చు, కొందరి విషయంలో అలా జరుగుతుంది కూడా. కానీ బాప్తిస్మం పొంది ఏళ్లు గడిచినా సాయంత్రం అయ్యేసరికి నాలుక పీకే మనిషి అదే సాక్ష్యం విని, తన రక్షణే అబద్ధమేమోనన్న భయంతో ఇంటికి వెళతాడు.

సువార్తలలోని వరుస వేరుగా ఉంది. యేసు యొర్దానులో బాప్తిస్మం పొంది, పరలోకం నుంచి తండ్రి స్వరం వినబడిన తరువాతనే అరణ్యంలో శోధింపబడ్డాడని మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. ఆయన అక్కడికి వెళ్లింది ఆత్మ నడిపింపు వల్లనే అని కూడా ముగ్గురూ చెబుతున్నారు. శోధన ముగిశాక అపవాది కొంతకాలం మాత్రమే ఆయనను విడిచి వెళ్లాడని లూకా అదనంగా తెలియజేశాడు. ఆయన అన్ని విషయాలలోనూ మనవలెనే శోధింపబడి, పాపం లేనివాడుగా ఉన్నాడని హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయం చెబుతున్నది కనుక, శోధన కలగడమే పాపమనడానికి వీలు లేదు. మనసులో ఒక ఆలోచన మెదలడం వేరు, దానికి పీట వేసి కూర్చోబెట్టడం వేరు. ఈ తేడా తెలియక, మెదిలిన ప్రతి ఆలోచనకూ తమను తాము దండించుకునే సున్నిత మనస్కులు మా సంఘాలలో తక్కువేమీ కాదు. "ఎలాగూ మనసులో పాపం చేసేశాను కదా, ఇక చేస్తే ఏమిటి" అనే నిస్పృహ వారిలోనే త్వరగా పుడుతుంది, ఆ నిస్పృహే వారిని నిజంగా పడవేస్తుంది.

అపోహ: ఇదంతా దురాత్మ పని, విడుదల ప్రార్థన చేయిస్తే సరిపోతుంది

అపవాదిని నేను తేలికగా తీసుకోవడం లేదు, లేఖనమూ తీసుకోలేదు. అయితే యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో, ప్రతివాడూ తన సొంత దురాశ చేతనే ఈడ్వబడి శోధింపబడతాడని స్పష్టంగా రాశాడు. నేరమంతా దురాత్మ మీద వేస్తే మనిషి చేయవలసిన పని ఏదీ మిగలదు. నూనె రాయించుకుని ఇంటికి వెళ్లినవాడు మరునాటి సాయంత్రం అదే స్నేహితులతో అదే అరుగు మీద కూర్చుంటాడు.

ఈ అపోహ ప్రాణాల మీదకు తెచ్చే సందర్భం కూడా ఒకటుంది. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేసినప్పుడు, చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలై, మొదటి రెండు మూడు రోజులలో కొందరికి మూర్ఛలు రావచ్చు, లేని మనుషులు కనిపించవచ్చు, ఎక్కడున్నారో తెలియని అయోమయం కలగవచ్చు. దానిని దయ్యం కేకలుగా భావించి, మనిషిని గదిలో పెట్టి చుట్టూ ప్రార్థన చేస్తూ కూర్చోవడం చాలా ప్రమాదకరం. అది అత్యవసర వైద్యం కావలసిన స్థితి, ఆలస్యమైతే మనిషి దక్కకపోవచ్చు. అటువంటివారికి ముందుగా వైద్యుని పర్యవేక్షణలోనే తాగుడు మాన్పించాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ అయిన టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి సలహా తీసుకోవచ్చు. డాక్టర్ అన్నా కూగ్లర్ వంటి వైద్య మిషనరీ సేవ చేసిన ఊరిలో ప్రార్థనకూ మందు బిళ్లకూ పోటీ పెట్టవలసిన అవసరం ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాదు.

అపోహ: 40 రోజులు ఉపవాసం పట్టుదలగా చేస్తే ఏ అలవాటైనా పోతుంది

భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు వరకు లెక్కిస్తే 46 రోజులు వస్తాయి, వాటిలో ఆరు ఆదివారాలు తీసివేస్తే 40 మిగులుతాయి. ఈ శ్రమ దినాలలో మాంసం, మందు, సినిమాలు మానుకునేవారు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు. ఉపవాసం విలువైనదే, కోరికకు వెంటనే లొంగకుండా శరీరానికి అది నేర్పుతుంది. అయితే అలవాటు ఎక్కడ వేళ్లూనుకుందో అది చూపించదు.

మిరప యార్డు దగ్గర ఒక కమీషను కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్న సహోదరుని సంగతి, ఆయన అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. యార్డుకు సరకు పోటెత్తే కాలం, శ్రమ దినాలు, ఐపీఎల్ మొదలయ్యే రోజులు ఇంచుమించు కలిసే వస్తాయి. ఆయన ఆ 40 రోజులూ పందెం ఊసెత్తకుండా ఉండి, ఈస్టరు వెళ్లిన వారంలోనే రెండు నెలల జీతం పోగొట్టుకున్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనూ, కేంద్రం 2025లోనూ చట్టం ద్వారా నిషేధించాయి కానీ, పందేలు కట్టించుకునే మనిషి నంబరు మాత్రం ఆయన ఫోనులో అలాగే ఉంది.

మళ్లీ ఉపవాసం మొదలుపెడతానని ఆయన అన్నారు. దానిని కాసేపు పక్కన పెట్టి, పందెం కాసిన సాయంత్రాలను ఒక్కొక్కటిగా కాగితం మీద రాయమన్నాను. ఆ వేళ ఎన్ని గంటలయింది, జేబులో ఎంత ఉంది, పక్కన ఎవరున్నారు, అంతకు ముందు గంటలో ఏమి జరిగింది అని ఇద్దరం కూర్చుని వరుసగా చూశాము. యజమాని నలుగురిలో కసిరిన రోజు, చేతికి డబ్బు వచ్చిన రోజు, కొట్టు కట్టేశాక ఇంటికి వెళ్లకుండా టీ బండి దగ్గర నిలబడిన ఆ కాసేపు, ఇవే మళ్లీ మళ్లీ కనిపించాయి. పోరాటం ఏడాది పొడుగునా ఉందని ఆయన అనుకున్నారు, కాగితం మీద మాత్రం అది టీ బండి దగ్గర గడిచే కాసేపటిలో ఉంది. జీతం నేరుగా భార్య ఖాతాలో పడేటట్టు ఏర్పాటు చేసుకోవడం, ఫోనులో యూపీఐ పరిమితిని బాగా తగ్గించుకోవడం, ఆ నంబరును చెరిపివేయడం, కొట్టు మూసే వేళకు ఒక సంఘ పెద్దకు ఫోను చేసి మాట్లాడుతూ ఇంటిదారి పట్టడం, ఇవన్నీ ఆయన స్వయంగా ఎంచుకున్నవే. దేవుడు శోధనతో కూడా తప్పించుకొనే మార్గాన్ని కలుగజేస్తాడని పౌలు కొరింథీయులకు రాశాడు కదా, అది చాలాసార్లు ఇంత మామూలుగానే ఉంటుంది. అద్భుతం కోసం పైకి చూస్తూ దానిని గుర్తించనివారే ఎక్కువ.

అపోహ: విశ్వాసంలో బలంగా ఉన్నవారు పారిపోరు, ఎదురు నిలుస్తారు

అపవాదిని ఎదిరించమని యాకోబు చెప్పిన మాటను ఇక్కడ తప్పుగా వాడుతున్నారు. జారత్వం నుంచి పారిపొమ్మని కొరింథీయులకూ, యౌవన కోరికల నుంచి పారిపొమ్మని తిమోతికీ పౌలు రాశాడు. యోసేపు తనను ఆశించిన యజమాని పోతీఫరు భార్యతో వాదనకు దిగకుండా, పై వస్త్రాన్ని ఆమె చేతిలోనే వదిలి బయటికి పరుగెత్తాడు. దావీదు మాత్రం మేడ మీద నిలబడి, స్నానం చేస్తున్న బత్షెబను చూసి పాపంలో పడ్డాడు.

అపోహ: దేవునికి ఒప్పుకుంటే చాలు, మనుషులకు చెప్పవలసిన అవసరం లేదు

క్షమించేది దేవుడే, అందులో సందేహం లేదు. అయినా మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడని యాకోబు అయిదో అధ్యాయంలో ఉంది. కతోలిక సంఘంలో పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఇప్పటికీ నడుస్తున్నది. లూథరు కూడా కాపరి దగ్గర ఏకాంతంగా ఒప్పుకోవడాన్ని రద్దు చేయలేదు. మా సంఘాలే దానిని క్రమంగా మరచిపోయాయి. దాచిపెట్టిన అలవాటుకు ఉండే పట్టు, నమ్మదగిన ఒక్క మనిషి ముందు దానిని పేరు పెట్టి చెప్పిన రోజు నుంచి సడలడం నేను పదే పదే చూస్తున్నాను.

అయితే చెప్పడమంటే మైకు పట్టుకుని సంఘమంతటి ముందు చెప్పడం కాదు. విశ్వాసిని బలవంతంగా నిలబెట్టి ఒప్పించడం, స్త్రీ చెప్పుకున్న రహస్యాన్ని మహిళా కూటములలో ప్రార్థనాంశంగా మార్చడం క్షమించరాని పనులని నా అభిప్రాయం. వినేవారు నోరు కట్టుకోగలవారై ఉండాలి, వీలైతే స్త్రీలకు స్త్రీలే వినాలి. ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. శోధన అనగానే మగవారి మందూ పేకాటా మాత్రమే గుర్తుకు రావడం వల్ల ధనాపేక్ష, అసూయ, పొగడ్తల మీద మోజు లెక్కలోకి రావడం లేదు. ఆఖరుది మా కాపరుల వర్గంలో దండిగా ఉంది.

అపోహ: విడుదల అంటే నిషేధాల జాబితాను తప్పకుండా పాటించడం

సినిమా చూడకూడదు, నగలు పెట్టకూడదు, ఫలానావారి ఇంట్లో భోజనం చేయకూడదు అని జాబితాలు ఇచ్చే బోధకులకు పట్టుదల గలవారిగా పేరు వస్తుంది. ముట్టవద్దు, రుచి చూడవద్దు అనే ఇటువంటి విధులు జ్ఞానంగా కనబడతాయే గాని శరీరేచ్ఛలను అదుపు చేయడానికి పనికిరావని కొలొస్సయుల పత్రిక రెండో అధ్యాయం చెబుతున్నది. అలాగని ఏమి చేసినా చెల్లుతుందని కాదు. గలతీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు, క్రీస్తు మనలను స్వతంత్రులుగా చేశాడని మొదలుపెట్టి, ఆ స్వాతంత్ర్యాన్ని శరీరేచ్ఛలకు సాకుగా వాడుకోక ప్రేమతో ఒకరికొకరు దాసులుగా ఉండమంటాడు. క్రైస్తవుడు ఎవరికీ లోబడని స్వతంత్రుడనీ, అదే సమయంలో అందరికీ సేవకుడనీ 1520లో లూథరు చెప్పినదీ ఈ భావమే. ఆ గుమాస్తా విషయంలో దీని అర్థం ఏమిటంటే, పందెం మానడంతో పని పూర్తి కాలేదు. ఇప్పుడాయన సాయంత్రాలు కొడుకు లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నారు.

అపోహ: పడిపోయినవారు బాగుపడేదాకా ప్రభువు బల్లకు దూరంగా ఉండాలి

నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల ఉండే రోజున, ప్రసంగం కాగానే వెనుక బల్లల నుంచి నెమ్మదిగా జారుకునేవారిని గమనిస్తుంటాను. అయోగ్యంగా పుచ్చుకుంటే శిక్ష వస్తుందన్న భయంతో కొందరు నెలల తరబడి ఇలాగే వెళ్లిపోతారు. వారు తలచుకునే మొదటి కొరింథీ 11వ అధ్యాయంలో పౌలు మనిషి తనను తాను పరీక్షించుకోవాలని చెప్పి, అలా చేసి ఆ రొట్టెను తిని ఆ పాత్రలోనిది తాగవలెనని రాశాడు. పరీక్షించుకుని ఇంటికి వెళ్లిపొమ్మని రాయలేదు. అక్కడ ఆయన గద్దించినది పేదలను ఆకలితో కూర్చోబెట్టి తాము కడుపు నింపుకున్నవారిని. యేసును ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురుకు తిబెరియ తీరాన యేసు ముందుగా రొట్టె, చేపలు పెట్టాడు, ప్రశ్నలు ఆ తరువాత అడిగాడు. అందువల్ల శనివారం రాత్రి పడిపోయానని ఎవరైనా ఫోను చేసినప్పుడు, పొద్దున్నే కాస్త ముందుగా రమ్మంటాను. ఇద్దరం కూర్చుని, జరిగినది చెప్పుకుని, ప్రార్థన చేసుకున్నాక, మిగతావారితో పాటే బల్ల దగ్గరకు రమ్మని చెబుతాను.