ఇంటి పన్ను రసీదులో ఆ 8 పైసలు

ఇంటి పన్నుతోపాటు ఊరి గ్రంథాలయాల కోసం కట్టించుకునే గ్రంథాలయ సెస్సు బకాయిల గొడవ మళ్లీ పైకొచ్చింది. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు బ్యానరు కొట్టించాలన్నా, ముగ్గుల పోటీకి నాలుగు బహుమతులు కొనాలన్నా పెట్టె వెతుక్కోవాల్సి వచ్చినప్పుడల్లా ఈ సంగతి పేపరెక్కుతుంది. మున్సిపాలిటీలు మాకు ఇంత బాకీ అని జిల్లా గ్రంథాలయ సంస్థలు అంటాయి. అంత లేదు, లెక్కలు చూడాలి అని మున్సిపాలిటీలు అంటాయి. వారోత్సవాలు ముగిశాక ఇద్దరూ ఊరుకుంటారు.

గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య, 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1935 నాటి పడవ గ్రంథాలయం, హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం... ఇవి ప్రతి ఏడాదీ వేదికల మీద వినేవే, మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. ఆ రోజుల నుంచి ఇప్పటి తగాదాకు పనికొచ్చే ముక్క ఒక్కటుంది. అప్పట్లో గ్రంథాలయమంటే పుస్తకాల బీరువా మాత్రమే కాదు. చదువు రానివాళ్లకు పత్రిక చదివి వినిపించడం, పురాణ కాలక్షేపం, హరికథ, భజన, రాత్రి బడి, ఊరి సభ అన్నీ ఆ గుమ్మం ముందే. నిజాం రాజ్యంలోనైతే తెలుగువాళ్లు తెలుగులో నలుగురు కూడి మాట్లాడుకోవడానికి దొరికిన చోటే అది. ఖర్చంతా చందాలు, విరాళాలు. చందా ఇచ్చినవాడు సాయంత్రం వచ్చి కూచునేవాడు, జమాఖర్చులు అడిగేవాడు. డబ్బిచ్చే చెయ్యి, ఖర్చుపెట్టే చెయ్యి ఒకే వీధిలో ఉండేవి.

ఆ రెండు చేతులూ విడిపోయిన సంవత్సరాన్ని పట్టుకుంటే ఇవాళ్టి గొడవ సగం అర్థమవుతుంది. అది 1948. స్వతంత్ర భారతంలో తొలి గ్రంథాలయ చట్టం ఆ ఏడాదే మద్రాసులో వచ్చింది. దాని వెనుక గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ ఏళ్ల తరబడి చేసిన పోరు ఉంది. విద్యామంత్రిగా అవినాశిలింగం చెట్టియార్ పట్టుబట్టి బిల్లు గట్టెక్కించారు. రంగనాథన్ వాదన సూటిగా ఉండేది. దాతల దయ మీద నడిచే గ్రంథాలయం దాతతోపాటే పోతుంది, పన్ను మీద నడిచేది నిలుస్తుంది. అందుకని ఇంటి పన్ను మీద రూపాయికి 6 పైలు, అంటే అప్పటి లెక్కలో అర్ధణా (రూపాయిలో 32వ వంతు), సెస్సుగా పెట్టారు. జిల్లాల్లో ఎంత సెస్సు వసూలైతే ప్రభుత్వం అంతకు తగ్గకుండా కలపాలన్నారు, మద్రాసు నగరాన్ని మాత్రం మినహాయించారు. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి ఆ చట్టం వాటికీ వర్తించింది.

ఆలోచనలో తప్పులేదు. చిక్కు వసూలు దగ్గర పడింది. గ్రంథాలయ అధికార సంస్థకు సొంత బిల్ కలెక్టర్లను పెడితే వచ్చే సెస్సు వాళ్ల జీతాలకే చాలదు. అందుకని ఇంటి పన్ను వసూలు చేసే మున్సిపాలిటీ, పంచాయతీ చేతే సెస్సు కూడా వసూలు చేయించి, తరువాత సంస్థకు జమ చేయించాలన్నారు. ఖర్చు కలిసొచ్చే మార్గం అదే. కానీ ఆనాటితో గ్రంథాలయం డబ్బు ఇంకొకరి గల్లాపెట్టెలోంచి రావడం మొదలైంది.

హైదరాబాదు రాష్ట్రం 1955లో వేరే చట్టం చేసుకుంది. రెండు ప్రాంతాలు కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చి పాత రెండింటినీ ఒకటి చేసింది. వసూలు పద్ధతి మాత్రం మద్రాసుదే. రేటు పెరిగి రూపాయికి 8 పైసలైంది. 2014 తరువాత తెలంగాణ కూడా అదే చట్టాన్ని పేరు మార్చి ఉంచుకుంది. రెండు రాష్ట్రాల్లోనూ తగాదా ఒకటే కావడానికి కారణం ఇదే.

ఒక రసీదు చేతిలోకి తీసుకుంటే వరసలు కనిపిస్తాయి. సాధారణ పన్ను, లైటింగు, డ్రైనేజీ, ఆ కిందెక్కడో చిన్న అక్షరాల్లో గ్రంథాలయ సెస్సు. పన్ను 10,000 అయితే సెస్సు 800, కట్టేది 10,800. బాకీ తేల్చేటప్పుడు జరిగే మొదటి పొరపాటు ఇక్కడే. వసూలైన మొత్తం 10,800కు 8 శాతం కట్టేసి 864 రావాలని సంస్థ రాస్తుంది. అది తప్పు, 108లో 8 వంతులు తీయాలి. ఇంటికి 64 రూపాయల తేడా కోటి రూపాయల వసూలు దగ్గర దాదాపు 59 వేలవుతుంది. ‘మీ లెక్కే తప్పు’ అంటూ ఫైలు వెనక్కి పంపడానికి మున్సిపాలిటీకి అది చాలు.

రెండో పొరపాటు డిమాండుకూ వసూలుకూ తేడా చూడకపోవడం. డీసీబీ అనే పట్టికలో మూడు గళ్లుంటాయి: డిమాండు (రావాల్సింది), కలెక్షను (వచ్చింది), బ్యాలెన్సు (మిగిలింది). సంస్థ డిమాండు మీద లెక్కవేసి బాకీ అంటుంది. మున్సిపాలిటీ కలెక్షను మీదే ఇస్తానంటుంది. చట్టం ప్రకారం చేతికొచ్చిన సెస్సునే జమ చేయాలి కాబట్టి ఇక్కడ మున్సిపాలిటీ మాటే సరైనది. మూడోది ఎవరూ తేల్చనిది. ఆలస్యంగా కడితే నెలకు 2 శాతం చొప్పున పడే వడ్డీలో సెస్సు వాటా ఎవరిది? ఏప్రిల్లో ముందే కట్టినవాళ్లకిచ్చే 5 శాతం రాయితీలో సెస్సు కూడా తగ్గాలా? పదేళ్ల పాత బకాయిని వడ్డీ మాఫీ పథకంలో కట్టినప్పుడు ఆ పదేళ్ల సెస్సును ఏ సంవత్సరం ఖాతాలో వేయాలి?

వీటన్నిటికన్నా పెద్ద లోపం ఖాతా దగ్గర ఉంది. వసూలైన మొత్తం ముందు మున్సిపల్ జనరల్ ఫండులో పడుతుంది. సెస్సుకు విడి పద్దు పుస్తకంలో ఉన్నా బ్యాంకులో విడి ఖాతా లేనిచోట, నెలాఖరుకు పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, కరెంటు బిల్లు, ట్రాక్టరు డీజిలు ముందు నిలబడతాయి. సెస్సు చివర నిలబడుతుంది. చివర మిగిలేదేమీ ఉండదు.

మున్సిపాలిటీల వైపు మాట కూడా ఒకటుంది. బిల్ కలెక్టరు మా మనిషి, నోటీసు అచ్చు మాది, చాలాచోట్ల గ్రంథాలయం నడిచే గది కూడా మేమిచ్చిందే, ఆ అద్దె ఎవరు లెక్కేశారు అని కమిషనర్లు అడుగుతారు. చిన్న పట్టణాల్లో పన్ను వసూలే అంతంతమాత్రమన్నదీ నిజమే. అయితే చట్టం దగ్గర ఈ వాదన నిలవదు. సెస్సు మున్సిపాలిటీ ఇచ్చే సాయం కాదు. విధించేది గ్రంథాలయ సంస్థ, మున్సిపాలిటీ వసూలు చేసి అప్పగించాల్సిన మధ్యవర్తి మాత్రమే. ఇంటాయన గ్రంథాలయం కోసమని కట్టిన డబ్బుతో డీజిలు కొంటే దాన్ని సర్దుబాటు అనడం కుదరదు.

మరి సంస్థ గట్టిగా ఎందుకు అడగదు? అడిగే నోరు ఎవరిదో చూస్తే తెలుస్తుంది. గ్రంథాలయాలు పాఠశాల విద్యాశాఖ కింద, మున్సిపాలిటీలు పురపాలక శాఖ కింద, పంచాయతీలు పంచాయతీరాజ్ శాఖ కింద ఉన్నాయి. బాకీ వసూలు కావాలంటే ఒక శాఖ కార్యదర్శి ఇంకో శాఖ కార్యదర్శికి ఉత్తరం రాయాలి. ఇక సంస్థ చైర్మన్ పదవి నామినేటెడ్. అధికార పార్టీలో టికెట్టు రానివాళ్లకు దక్కే పదవుల్లో ఇదొకటి. తమ పార్టీ మున్సిపల్ చైర్మన్ మీద తమ పార్టీ గ్రంథాలయ చైర్మన్ కోర్టుకెళ్లిన దాఖలా ఎక్కడ వెతకాలి? చైర్మన్ లేని కాలంలో బండి అధికారుల చేతి మీద నడుస్తుంది, వాళ్లకూ పై మాట దాటే వీలుండదు. చందాదారుడు లెక్క అడిగే కుర్చీ 1948 తరువాత మెల్లగా ఖాళీ అయింది. ఆ కుర్చీలో ఇంకెవరూ కూచోలేదు.

దీని ఫలితం శాఖా గ్రంథాలయం గుమ్మంలో కనిపిస్తుంది. పుస్తకాలు, పత్రికలు, అద్దె, కరెంటు, కార్యక్రమాలు ప్రధానంగా సెస్సు మీద ఆధారపడ్డవే. డబ్బు ఆగితే మొదట ఆగేది పేపరు. నాలుగైదు నెలల బిల్లు పేరుకుంటే ఏజెంటు వారపత్రికలు ఆపేస్తాడు, ఆ తరువాత దినపత్రికలు రెండుకు తగ్గిస్తాడు. పొద్దున పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లు వారం రోజులు చూసి టీకొట్టుకు మారిపోతారు. తరువాత ఆగేది పుస్తకాల కొనుగోలు. కలకత్తాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయంలో ఒక పద్దు రాష్ట్రం తన వాటా కలిపితేనే వచ్చేది. ఇక్కడ వాటా లేకపోతే అక్కడిదీ తగ్గుతుంది. అన్నిటికన్నా చివర, ఎవరికీ తెలియకుండా ఆగేది సభ.

సభ ఎలా ఆగుతుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే పది మందినీ కలిపే పని అదే. నెలకో కవి సమ్మేళనమో, ఊరి చరిత్ర మీద ఒక పెద్దాయన మాటో, పిల్లల కథల శనివారమో పెట్టాలంటే పెద్ద ఖర్చేమీ కాదు. మైకు, నలభై కుర్చీలు, టీ, వక్తకు బస్సు చార్జీ. లైబ్రేరియన్ జేబులోంచి పెట్టి వోచరు పంపాలి. వోచరు జిల్లా కేంద్రానికి వెళ్తుంది, ‘బడ్జెట్ లేదు’ అని వెనక్కొస్తుంది. రెండోసారి ఆ లైబ్రేరియన్ సభ పెట్టడు. దాతను వెతికి పెడితే వేదిక మీద దాత మాట్లాడతాడు, వక్త కాదు. మెల్లగా సంవత్సరం పొడుగునా ఉండాల్సిన కార్యక్రమాలన్నీ నవంబరులో ఏడు రోజులకు కుదించుకుపోయాయి: బాలల దినోత్సవం నాడు ప్రారంభం, వ్యాసరచన, వక్తృత్వం, ఇందిరా గాంధీ పుట్టినరోజున మహిళా దినం, ఆఖరి రోజు బహుమతులు. వేసవిలో పిల్లలకు విజ్ఞాన శిబిరాలు జరుగుతున్నాయి, అవి మంచి పనే. నడిపించేవాళ్లు ఓపిక మీద నడిపిస్తున్నారు.

ఖాళీ అయిన చోటు ఖాళీగా లేదు. పోటీ పరీక్షలవాళ్లు వచ్చి కూచున్నారు. హైదరాబాదు చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయం పేరు చెబితే జనానికి గ్రూప్-1, గ్రూప్-2 గుర్తొస్తాయి తప్ప పుస్తకాలు కాదు. తప్పు ఆ పిల్లలది కాదు, వాళ్లకు ఇంట్లో చోటుంటే అంత దూరం ఎందుకొస్తారు? కానీ సొంత పుస్తకం సంచిలో తెచ్చుకుని, పక్కవాడితో మాట్లాడకుండా పన్నెండు గంటలు కూచునే చోటును ఊరి సభాస్థలి అనలేం. ప్రజాప్రతినిధులు కూడా ఇప్పుడు గ్రంథాలయానికిస్తామనేది కుర్చీలు, ఫ్యాన్లు, పరీక్షల మెటీరియలే.

ఇదే కాలంలో కేరళ వేరే దారిన వెళ్లింది. 1945లో అక్కడి గ్రంథాలయ ఉద్యమకారుడు పి.ఎన్. పణిక్కర్ చొరవతో 47 గ్రంథాలయాలు కలిసి సంఘం పెట్టుకున్నాయి. 1977లో ప్రభుత్వం ఆ సంఘాన్ని తన చేతిలోకి తీసుకుంది. మనకూ వాళ్లకూ తేడా ఆ తరువాత మొదలైంది. 1989 చట్టంతో అక్కడ పాలన ఎన్నికైన గ్రంథాలయ మండలి చేతికొచ్చింది. ఊరి గ్రంథాలయం ఊరి సభ్యులదే, కమిటీని వాళ్లే ఎన్నుకుంటారు, మండలి గ్రేడు చూసి గ్రాంటు ఇస్తుంది. అక్కడ సెస్సు రూపాయికి 5 పైసలే, మనకన్నా తక్కువ. అక్కడా స్థానిక సంస్థలు సెస్సు ఆలస్యం చేస్తాయి. కాకపోతే ఆలస్యమైతే అడగడానికి ప్రతి ఊళ్లోనూ ఎన్నికైన కమిటీ ఒకటి ఉంటుంది.

మన దగ్గరా ప్రభుత్వ గ్రంథాలయ సంస్థల్లో విలీనం కాకుండా మిగిలిన గ్రంథాలయాలు కొన్ని ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది, ఇప్పటికీ సొంత కమిటీతోనే నడుస్తోంది. పాత పత్రికల సంచికల కోసం పరిశోధకులు దేశవిదేశాల నుంచి అక్కడికే వస్తారు. దానికీ డబ్బు కష్టాలున్నాయి. కానీ ఏ కాగితం ఎవరిచ్చారో, ఏ గది ఎవరు కట్టించారో అడిగితే చెప్పే మనుషులున్నారు.

ఇప్పుడు బల్ల మీదున్న ప్రతిపాదనలు రెండే. ఒకటి, ఆన్‌లైన్‌లో పన్ను కట్టిన క్షణంలోనే సెస్సు వాటా విడిపోయి నేరుగా సంస్థ ఖాతాలో పడేలా సాఫ్ట్‌వేర్ మార్చడం. బ్యాంకులు రోజూ చేసే పనే ఇది, పెద్ద సాంకేతిక చిక్కేమీ లేదు. ఇది ఇకముందు వచ్చే డబ్బుకు సరిపోతుంది. రెండోది పాత బాకీ, తగాదా అంతా ఇక్కడే. మేమిచ్చిన గదుల అద్దె, వసూలు ఖర్చు మినహాయించుకుని మిగతాది వాయిదాల్లో ఇస్తామన్నది మున్సిపాలిటీల బేరం. దీనికి ఒప్పుకునే ముందు సంస్థ అడగాల్సినవి మూడు కాగితాలు: సంవత్సరం వారీగా డీసీబీ, సెస్సు పద్దు లెడ్జరు నకలు, ఆ గదిని ఏ తీర్మానంతో, ఏ షరతు మీద ఇచ్చారో చూపించే కౌన్సిల్ మినిట్స్. చాలాచోట్ల మూడో కాగితంలో ‘ఉచితంగా’ అన్న మాట ఉంటుంది.