కూలీ నుంచి మేస్త్రీ దాకా: సర్టిఫికెట్ దగ్గర ఆగిన దారి

కేంద్రం నైపుణ్య శిక్షణ పథకమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన లబ్ధిదారుల్లో నూటికి 94 మందికి పైగా బ్యాంకు ఖాతా వివరాలు రికార్డుల్లో ఖాళీగానో, సున్నాలతోనో ఉన్నాయని కాగ్ 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదికలో తేల్చింది. ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలకే సొమ్ము జమ చేస్తున్నందున ఆ వివరాలు తప్పనిసరి కాలేదని మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చుకుంది. అంతకు కొద్ది వారాల ముందే, నవంబర్ 21న, పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఒకటి నైపుణ్య ధ్రువపత్రాల విశ్వసనీయతను ప్రశ్నించింది, మరొకటి నైపుణ్యాన్ని బట్టి కనీస వేతనం నిర్ణయించే పనిని కొత్త చట్టం కిందకు తెచ్చింది. భవన నిర్మాణంలో ఏళ్ల తరబడి తట్టలు మోసిన మనిషిని ఏ రోజు నుంచి మేస్త్రీగా లెక్కించాలి, ఆ మాట ఎవరు చెప్పాలి అన్న తగవు దీంతో మళ్లీ ముందుకు వచ్చింది.

లేబర్ అడ్డాల గురించి, పాలమూరు వలసల గురించి, గుంపు మేస్త్రీల అడ్వాన్సుల గురించి పాఠకులకు కొత్తగా చెప్పవలసింది లేదు. అయితే ఆ వ్యవస్థలో పని నేర్చుకునే దారి ఒకటి ఉండేదని, అది ఇరుకైనదే అయినా నిజమైనదని గుర్తుంచుకోవాలి. హెల్పర్‌గా చేరినవాడు మాలు కలపడం, ఇటుక తడపడం, పరంజా కట్టడం చేస్తూ మేస్త్రీ చేతిని గమనించేవాడు. మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ నీడకు చేరితే అతను మేస్త్రీ తాపీని తీసుకుని రెండు వరుసలు పేర్చి చూసుకునేవాడు. తూకం గుండు వేసి చూసిన మేస్త్రీ వంకర కనబడితే ఆ వరుసలు తీయించేవాడు, లేకుంటే మాట్లాడకుండా తన పని అందుకునేవాడు. ఆ తర్వాత ప్రహరీ గోడో, పిట్టగోడో అప్పగించేవారు. తప్పు దొర్లినా ప్లాస్టరింగ్‌లో సర్దుకుపోయే చోట చెయ్యి తిరగాలి, మూల తీయడం, తలుపు చట్రం నిలబెట్టడం అన్నిటికంటే చివర వచ్చేవి. ఇందుకు నాలుగైదేళ్లు పట్టినా, ఆ సైటులో మేస్త్రీ కూలి చేతికి వచ్చిన రోజే అతను మేస్త్రీ అయినట్టు.

ఈ దారిని చట్టబద్ధం చేయడానికి సాధనాలు లేకపోలేదు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది 2019 సవరణ తర్వాతి నియమం. కానీ నిర్మాణంలో కూలీ ప్రధాన కాంట్రాక్టరు హాజరు పట్టీలో ఉండడు. సబ్ కాంట్రాక్టరు కింద ఉన్న గుంపులో అతనొక తల మాత్రమే. సంస్థ మనిషే కానివాడు ఆ సంస్థకు అప్రెంటిస్ ఎలా అవుతాడు? 1998లో హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఏర్పడినప్పుడు ఆలోచన సరిగ్గానే ఉంది. ప్రభుత్వం, బిల్డర్లు కలిసి తాపీ పని, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ వంటి పనులను కూర్చోబెట్టి నేర్పాలన్నది దాని ఉద్దేశం. దాని చిక్కు ఒక్కటే: రోజు కూలి మానుకుని నెలల తరబడి శిక్షణలో కూర్చోగలిగినవాడు సాధారణంగా అడ్డా మీద నిలబడే మనిషి కాడు.

అసలు మలుపు 2015లో వచ్చింది. ఆ ఏడాది జూలైలో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో, అనుభవంతో వచ్చిన పనితనానికి గుర్తింపునిచ్చే ఆర్పీఎల్ విధానాన్ని చేర్చారు. కార్మికుడికి ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. 2016 తర్వాతి విడతలో 12 గంటల అవగాహన తరగతి, ఒక మదింపు, నెగ్గినవారికి 500 రూపాయలు అన్నది దాని సాధారణ రూపం. కూలి పోగొట్టుకోకుండా గుర్తింపు రావడం మంచిదే. అయితే ఈ విధానం మేస్త్రీని మేస్త్రీ అంటుంది తప్ప హెల్పర్‌ను మేస్త్రీగా తయారు చేయదు. నేర్పడానికి నెలలు, గురువులు, ఇటుకలు, సిమెంటు కావాలి. మదింపునకు ఒక రోజు చాలు. ఏటా లక్ష్యాలు చూపించవలసిన యంత్రాంగం ఏ వైపు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. ఈ రోజు వినిపిస్తున్న ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఈ ఎంపికలోనే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కార్మికుల పక్షం అడిగేది సూటిగా ఉంది. ప్రభుత్వమే పరీక్షించి నైపుణ్యం ఉందని రాసిచ్చిన మనిషికి, ప్రభుత్వమే నిర్ణయించే కనీస వేతనాల పట్టికలో నైపుణ్య శ్రేణి ఎందుకు వర్తించదు? 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద వెలువడిన ఉత్తర్వులు ఈ శ్రేణులను పాటిస్తూనే వచ్చాయి, 2019 వేతన కోడ్ కూడా నైపుణ్యం లేనివారు, పాక్షిక నైపుణ్యం ఉన్నవారు, నైపుణ్యం ఉన్నవారు, అత్యంత నైపుణ్యం ఉన్నవారు అనే విభజనను చెప్పింది. ఇన్ని మెట్లు ఉన్నా, సైటులో ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో తేల్చేది కూలి చెల్లించే మనిషే. సర్టిఫికెట్ జేబులో ఉన్నా శనివారం బట్వాడాలో అందేది హెల్పర్ కూలి అయితే, ఆ కాగితం అతనికి చేసిన మేలేమిటి?

స్త్రీల విషయంలో ఇది మరీ కఠినంగా కనిపిస్తుంది. మన సైట్లలో స్లాబు రోజున తట్టలు అందించే వరుసలో సగం మంది వాళ్లే, తాపీ పట్టినవారు మాత్రం అరుదు. భర్త మేస్త్రీగా, భార్య అతని హెల్పర్‌గా పదేళ్లు పనిచేసిన జంటల్లో కూడా ఆమె హెల్పర్‌గానే మిగిలిపోతుంది. 1976 సమాన వేతన చట్టం ఒకే పనికి ఒకే కూలి అంది కానీ, పనే వేరని రాసుకున్న చోట దానికి పట్టు దొరకలేదు. జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ మరుగుదొడ్లు కట్టడానికి మేస్త్రీలు చాలనప్పుడు గ్రామీణ స్త్రీలకు తాపీ పని నేర్పారు, రాణీ మిస్త్రీలుగా వారికి దేశమంతటా పేరు వచ్చింది. అవకాశం ఇస్తే స్త్రీలు ఈ పని అందుకోగలరనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

బిల్డర్ల వాదనలోనూ కొంత నిజం ఉంది: కాగితం చూసి గోడ అప్పగించలేం, చెయ్యి చూడాలి. ఇజ్రాయెల్ ప్రతినిధులు 2024లో రోహ్‌తక్, లఖ్‌నవూ, ఆ తర్వాత హైదరాబాద్‌లలో సెంట్రింగ్, ఇనుము వంచడం, టైల్స్, ప్లాస్టరింగ్ పనులకు మనవాళ్లను ఎంపిక చేసినప్పుడు ప్రతి ఒక్కరి చేతా పని చేయించి చూశారు. నెలకు లక్ష రూపాయలు దాటే జీతం కట్టేవారు సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోలేదు. అయితే ఆ చెయ్యి తిరగడానికి అయ్యే ఖర్చులో తమ వాటా ఎంతో బిల్డర్లు చెప్పడం లేదు.

డబ్బు లేదనే మాట మాత్రం నిలవదు. కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ వ్యయంపై కనీసం ఒక శాతం సెస్ వసూలు చేయాలని 1996 చట్టం చెప్పింది. రాష్ట్రాలు అప్పటిదాకా 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసి అందులో సుమారు 9,500 కోట్లే కార్మికులకు ఖర్చు పెట్టాయని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీవ్రంగా ఆక్షేపించింది. పాత చట్టంలో, ఈ సెస్ సొమ్మును ఖర్చు చేసే రాష్ట్ర నిర్మాణ కార్మికుల సంక్షేమ మండళ్ల విధుల జాబితాలో పింఛను, ప్రసూతి సాయం, పిల్లల చదువు ఉన్నాయి, నైపుణ్య శిక్షణ పేరు లేదు. దాన్ని ఇతర సంక్షేమ చర్యల కింద లాక్కురావలసి వచ్చేది. కొత్త సామాజిక భద్రత కోడ్ ఆ బాధ్యతను మండళ్ల విధుల్లో పేరు పెట్టి చేర్చింది.

గ్రామీణ గృహ నిర్మాణ పథకంలో మేస్త్రీ శిక్షణ ఇప్పటికే వేరే పద్ధతిలో నడుస్తోంది. నేర్చుకునేవారు 45 రోజుల పాటు నిజమైన లబ్ధిదారుడి ఇంటినే పునాది నుంచి కట్టి, ఆ పైన మదింపునకు వెళ్తారు. తెలుగు రాష్ట్రాల మండళ్లు సెస్ నిధితో ఇలాంటి శిక్షణ నడిపి ఆ రోజుల కూలి కూడా చెల్లిస్తాయా, శిక్షణ ముగించినవారికి నైపుణ్య శ్రేణి వేతనం తప్పనిసరి చేసేలా ప్రభుత్వాలు నిబంధనలు రాస్తాయా అన్నది ఇప్పుడు కార్మిక సంఘాలు, బిల్డర్లు, అధికారులు బల్ల ముందు కూర్చుని తేల్చుకోవలసిన అంశం.